యంత్రము విప్పి చదువుకొన్న వాడు: జి. డి. నాయుడుగారి జీవితచరిత్రము

ఈ వార్షిక సంచికకై మేము ఎన్నుకొన్న మహనీయుడు కోయంబత్తూరు నగరవాసియగు గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు. లోకమున కాయన జి. డి. నాయుడుగా పరిచితుడు. ఎన్నుకొనునప్పుడు మాకు కొంత జంకు కలుగకపోలేదు. ఏలన, ఈయన బడి మానివేసిన వాడు. మూడవ తరగతి దాటలేదని చెప్పుదురు. బడి పత్రికలో బడి మానినవానిని కీర్తించుట యెట్లు? పిల్లలు చరిత్రమంతయు విడిచి ఆ యొక్క మాటనే పట్టుకొందురేమో! ఐనను ఈ చరిత్రము వ్రాయుటకు మాకొక కారణము కలదు.

మన రెంటచింతలలో రోడ్డు వెంబడి పోవునెడల ట్రాక్టర్లు, లారీలు, మోటారు సైకిళ్లు బాగుచేయు షెడ్లు కనబడును. మిర్చియు ప్రత్తియు బండ్లకెక్కు దినములలో ఆ షెడ్లకు తీరిక యుండదు. చదువులో వెనుకబడిన పిల్లవాని తండ్రి మాయొద్దకు వచ్చి, అయ్యా, వీనికి చదువు అబ్బునట్లు లేదు, షెడ్డున కంపెదనని చెప్పుట కలదు. ఆ మాట చెప్పునపుడు ఆయన ముఖమున నొక విధమగు చిన్నతనము తోచును. షెడ్డు పనికి చదువుతో పనిలేదని తలచువారును, చదివినవాడు పానా పట్టుట తగదని తలచువారును నాయుడుగారి జీవితము నొకమారు పరికింపవలయును.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపమున నున్న కలంగల్ అను గ్రామమున జన్మించిరి. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. ఇంట మాటలాడు భాష తెలుగు. తమిళదేశమున తెలుగు కుటుంబమేమని చిన్న తరగతుల పిల్లలు అడుగవచ్చును. విజయనగర రాజుల కాలమునను, ఆ తరువాతి నాయక రాజుల కాలమునను తెలుగువారు పెక్కుమంది దక్షిణమునకు తరలిపోయి అక్కడి నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించుకొనుచు స్థిరపడిరి. తరములు గడచినను ఇండ్లలో తెలుగు నిలిచెను. మన పల్నాటి ప్రత్తి రైతునకును కలంగల్ ప్రత్తి రైతునకును భాషయందును పనియందును అంత దూరము లేదు.

బాలుడు పుట్టిన కొలదికాలమునకే తల్లి మరణించెను. బంధువుల యింట పెరిగినవాడు. బడిలో కూర్చుండబెట్టిరి గాని మనసు నిలువలేదు. ఉపాధ్యాయుని ముఖమున ఇసుక చల్లి పారిపోయెనని యొక కథ వాడుకలో నున్నది. ఉపాధ్యాయులమగు మాకు ఈ కథ రుచించునది కాదు. ఐనను అందరెరిగిన దానిని దాచిన ప్రయోజనము లేదు. బడి విడిచిన పిదప తండ్రి పొలమునకు పంపెను. అక్కడ పని చేయుచు తమిళ గ్రంథములు తనంతట తాను చదువుకొనెను. ఈ సంగతి మా విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. ఆయన బడి మానెను గాని చదువు మానలేదు.

ఇట్లుండగా ఆ ప్రాంతమునకు రెవెన్యూ పనిమీద వచ్చిన ఆంగ్లేయాధికారి యొకడు మోటారు సైకిలుపై తిరుగుచుండెను. ఎద్దులు లేక, గుఱ్ఱము లేక, తనంతట తాను పరుగెత్తు బండిని ఆ పల్లె ప్రజలు అంతకుముందు చూచి యెరుగరు. ఆ వాహనము ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున రడ్జి కంపెనీవారు చేసినది. ఆ కంపెనీవారు 1911లో మోటారు సైకిళ్లు చేయ మొదలిడిరి. నాయుడుగారు చూచినది 1912వ సంవత్సరపు బండి. చూచినవారందరు ఆశ్చర్యపడి ఇండ్లకు పోయిరి. ఇరువది యేండ్లవాడైన ఈ యువకుడు మాత్రము ఇది యెట్లు నడచుచున్నదను ప్రశ్నను వెంటబెట్టుకొని పోయెను.

ఆ ప్రశ్న ఆయనను పొలమున నిలువనీయలేదు. కోయంబత్తూరు చేరి యొక హోటలులో వడ్డన పనికి కుదిరెను. ఎంగిలాకులు తీయు పని యని సిగ్గుపడలేదు. కూలి డబ్బులు కూడబెట్టి, ఆ అధికారినే ఆశ్రయించి, 300 రూపాయలకు ఆ మోటారు సైకిలును కొనెనని చెప్పుదురు. ఆ కాలమున 300 రూపాయలన హోటలు సర్వరునకు ఎన్ని నెలల కూలియో పిల్లలు ఊహించుకొనవచ్చును. కొన్న పిదప ఎక్కి ఊరేగలేదు. దానిని భాగము భాగముగా విప్పెను, మరల బిగించెను. ఆయన చదివిన పాఠశాల అదియే.

ఇంజనును విప్పి బిగించుట యన నెట్టిదో, దానికి ఏ పనిముట్లు కావలెనో ఇచ్చట కొంత వివరించుట అవసరము. లేనిచో ఈ యువకుడు చేసిన పని యెంతటిదో తెలియదు.

మొదట కావలసినది పరచిన శుభ్రమైన గుడ్డ. విప్పిన ప్రతి భాగమును విప్పిన వరుసలోనే దానిపై నుంచవలెను. ఏ నట్టు ఏ బోల్టుది, ఏ వాషరు ఏ నట్టు క్రిందిది యను జ్ఞానము పోయినచో మిగిలినది పాత ఇనుమే. పళ్లచక్రములు ఒకదానితో నొకటి కలియు చోట గుర్తు పెట్టవలెను. బిగించునప్పుడు ఒక్క పన్ను అటునిటు జరిగినను కవాటములు తెరచుకొనవలసిన వేళ తెరచుకొనవు. ఇంజను మంచముపట్టిన రోగివలె దగ్గును, లేదా అసలే పలుకదు.

పిదప పానాలు. ఆంగ్లేయులు స్పానరందురు, మన షెడ్లలో పానా యందురు. నోరు తెరచియుండు పానా నట్టు యొక్క రెండు ముఖములను మాత్రమే పట్టును. రింగు పానా చుట్టును ఆవరించి ఆరు మూలలను పట్టును. తుప్పుపట్టి బిగిసిన నట్టును నోటి పానాతో మోటుగా త్రిప్పినయెడల మూలలు అరిగి నట్టు గుండ్రమగును. అటుపై దానిని తీయుట బ్రహ్మప్రళయము. లోతున నున్న నట్టునకును స్పార్కు ప్లగ్గునకును గొట్టమువంటి బాక్సు పానా కావలెను. మర త్రిప్పి నోటి వెడల్పు మార్చుకొను పానా యొకటి కలదు. అది చేతికి వీలు, నట్టునకు చేటు. నెమ్మదిగల మేస్త్రి దానిని గత్యంతరము లేనప్పుడే పెట్టెనుండి తీయును.

పానాల పొడవులో నొక శాస్త్రమున్నది. తొమ్మిదవ తరగతివారు చదువు తులాదండపు పాఠమే అది. 30 సెంటీమీటర్ల పానా కొనను ఎంత బలముతో లాగుదుమో అంత బలముతోనే 60 సెంటీమీటర్ల పానాను లాగినచో నట్టుపై త్రిప్పుడు రెండింతలగును. అందుచేతనే చిన్న నట్టులకు పొట్టి పానాలును పెద్ద నట్టులకు పొడుగు పానాలును చేయుదురు. చిన్న పానాకు గొట్టము తగిలించి పొడిగించి లాగు కుర్రవాడు బోల్టు తెగినప్పుడు గాని ఈ పాఠము నేర్వడు. ఎంత త్రిప్పుడు పడినదో అంకెలలో చూపు టార్కు రెంచి యను పనిముట్టు నేడు పెద్ద షెడ్లలో నున్నది. అది లేని మేస్త్రులకు మణికట్టే కొలత.

కొలతల చిక్కు వేరొకటి. బ్రిటిషు యంత్రములలో పెక్కింటికి జోసెఫ్ విట్‌వర్తు అను ఇంజనీరు 1841లో ప్రతిపాదించిన మరల పద్ధతి వాడుకలో నుండెను. ఆ పద్ధతిలో పానాపై వ్రాసిన అంకె బోల్టు కడ్డీ లావును తెలుపునే గాని నోటి వెడల్పును తెలుపదు. పావు అంగుళము అని చెక్కియున్న పానా నోటిని కొలిచినచో అర అంగుళమునకు కొంచెము మించియుండును. అమెరికా పానాపై అంకె నోటి వెడల్పునే తెలుపును. ఐరోపా ఖండపు యంత్రములకు మిల్లీమీటర్లు. నేడు మన షెడ్డులోని పిల్లవాడు పదమూడు తెమ్మనిన పదమూడు మిల్లీమీటర్ల పానా తెచ్చును. ఆ కాలపు మేస్త్రికి మూడు దేశముల పానాలు మూడు పెట్టెలలో నుంచుకొనవలసి వచ్చెడిది. ఒక దేశపు పానా మరియొక దేశపు నట్టునకు పట్టినట్లే యుండి, లాగగానే జారి వ్రేళ్ల కణుపులు చీల్చును.

ఇంజను లోపలి పనికి ఇంకను సూక్ష్మమైన సాధనములు కావలెను. విసనకర్రవలె విచ్చుకొను పలుచని ఉక్కు రేకుల కట్ట యొకటి కలదు. ఫీలర్ గేజి యందురు. ఒక్కొక్క రేకుపై దాని మందము చెక్కియుండును. కవాటపు కాడకును దానిని నొక్కు మీటకును నడుమ నుండవలసిన ఖాళీని ఆ రేకు దూర్చి చూతురు. ఆ ఖాళీ సాధారణముగా మిల్లీమీటరును పది భాగములు చేసిన రెండు మూడు భాగములుండును. అంతకన్న తక్కువైన వేడికి కాడ సాగి కవాటము పూర్తిగా మూయబడదు. ఎక్కువైన టకటకమని కొట్టుకొనును. కవాటములు కూర్చుండు పీఠములు మాడి గరుకెక్కినచో రాపిడి పొడి కలిపిన ముద్ద పూసి, చేతితో అటునిటు త్రిప్పుచు నూరవలెను. ఇది గంధము తీయువాని ఓర్పుతో చేయవలసిన పని. పిస్టను వలయములను విరుగకుండ విప్పి తొడుగవలెను; వాని చీలికలు ఒకే వరుసలో పడకుండ చూడవలెను. సిలిండరు తలను బిగించునప్పుడు నట్టులను నడుమనుండి మొదలిడి ఎదురెదురుగా, విడతలు విడతలుగా బిగించుకొని రావలెను. ఒక ప్రక్క పూర్తిగా బిగించి రెండవ ప్రక్కకు పోయినచో తల వంగి, వాయువు కారిపోవును.

సుత్తిని కడపట చెప్పుచున్నాము. ఇంజను పనిలో దానికి కడపటి స్థానమే. కొట్టక తప్పనప్పుడు కొయ్య సుత్తినో రాగి సుత్తినో వాడుదురు. ఇనుప సుత్తి చప్పుడు తరచుగా వినవచ్చు షెడ్డునకు మా బండిని మేము తీసికొనిపోము.

ఇంతటి పనిని చూపించు గురువు లేక, నూనె చేతులతో తనంతట తాను నేర్చినవాడు ఆ యువకుడు. మన ప్రభువు నజరేతులో వడ్రంగి పని చేసిన సంగతి ఆదివారపు బడి పిల్లలందరికి తెలిసినదే. చేతిపనిని తక్కువగా చూచుట మనకు తగినది కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

మోటారు పని నేర్చి కొంతకాలము మెకానిక్కుగా జీవించిన పిదప నాయుడుగారికి వ్యాపారముపై దృష్టి మరలెను. తిరుప్పూరున ప్రత్తి వ్యాపారము చేసి లాభము గడించిరి. అంతటితో తృప్తిపడక బొంబాయి పోయి అక్కడి ప్రత్తి బేరములలో దిగి, గడించినదంతయు పోగొట్టుకొని వచ్చిరి. ధరలు ఆడించు ఆట యెట్టిదో మన మిర్చి రైతులకు మేము చెప్పవలసిన పని లేదు. పోయిన సొమ్ము పోయెను. చేతిలోని విద్య పోలేదు.

ఆ సమయమున ఆయనను ఆదుకొన్నవారు సర్ రాబర్టు స్టేన్సుగారు. ఈయన చిన్నతనమున ఇంగ్లండు విడిచి కోయంబత్తూరు చేరి, కాఫీ, నూలుమిల్లుల వ్యాపారమున పేరుగాంచిన భక్తుడగు క్రైస్తవుడు. 1862లో ఆయన స్థాపించిన పాఠశాల నేటికిని ఆయన పేరున నడచుచున్నది. పాఠశాలలు కట్టించిన ఆ దొర, బడి మానిన ఈ యువకుని చేతిపనిని గుర్తించి సహాయపడుట మిషను వారు గర్వింపదగిన విషయము. ఆ సహాయముతో నాయుడుగారు 1920వ సంవత్సరమున ఒక బస్సు కొని, పొళ్లాచి పళనిల నడుమ తామే నడిపిరి. పళని సుబ్రహ్మణ్యస్వామి కొండకు పోవు యాత్రికులతో ఆ దారి యెప్పుడును నిండియుండునది.

బస్సు యజమాని, డ్రైవరు, మెకానిక్కు ముగ్గురును ఒక్కడే యైనప్పుడు వచ్చు లాభము వేరు. దారిలో బండి ఆగినచో ఎద్దులబండి కట్టించి పట్టణమునకు కబురంపు పని లేదు. సీటు క్రింది పెట్టె తీసి తానే దిగవచ్చును. ఒక్క బస్సు కొన్ని సంవత్సరములలో యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థగా పెరిగెను. యు. ఎమ్. ఎస్. అను మూడక్షరములు ఆ జిల్లాలో వేళ తప్పని బస్సులకు మారుపేరయ్యెను. కాలనియమమునందు ఆయన మిక్కిలి కఠినుడు. సంస్థకు సొంత మరమ్మతు శాల యుండెను. బయటి వారిపై ఆధారపడక తమ బండ్లను తామే బాగుచేసికొను ఆ యేర్పాటే సంస్థకు వెన్నెముక యని మా అభిప్రాయము.

ధనము చేరిన పిదప ఆయన ఐరోపా, అమెరికా దేశములు తిరిగెను. ఇతరులు కోటలు, తోటలు చూడబోవుదురు; ఈయన కర్మాగారములు చూచెను. కెమెరా ఎల్లప్పుడు వెంటనుండెను. 1936 జనవరిలో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలు జరుగగా వానిని చలనచిత్రముగా తీసిరి. జర్మనీ దేశమున గడ్డము గీచుకొనుటకు చిన్న మోటారుతో, బ్యాటరీ బలముతో తిరుగు కత్తిని కల్పించిరి. దాని పేరు రాసంట్. దాని అలుగు మిక్కిలి పలుచనిది. ఫీలర్ గేజి రేకులతో చేతులు అలవాటుపడినవాడు పలుచని ఉక్కును గూర్చి ఆలోచించుట మాకు వింతగా తోచదు. పండ్ల రసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, చలనచిత్రపు కెమెరాకు దూరము సరిచేయు సాధనము, మోసమునకు వీలులేని ఓట్ల యంత్రము మొదలగునవి ఆయన కల్పనలే. ఎన్నికలలో ఆయన నిలిచి ఓడిపోయిన సంగతి ఓట్ల యంత్రము ప్రక్కన చేర్చి చదువుకొనుట పాఠకుల యిష్టము.

వీనియన్నిటికంటె గొప్ప పని 1937లో జరిగెను. కోయంబత్తూరు శివారగు పీలమేడున బాలసుందరం నాయుడుగారితో కలిసి భారతదేశమున తయారైన తొలి విద్యుత్ మోటారును వెలువరించిరి. అంతవరకు బావినుండి నీరు తోడు మోటారు కావలెనన్న ఓడలో రావలసినదే. నేడు కోయంబత్తూరు మోటార్లకును పంపులకును దేశమంతట పేరున్నది. మన పల్నాటి బావులలోను బోర్లలోను ఆ ఊరి పంపులు పనిచేయుచున్నవి. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు అందించగలమని ప్రకటించిరి. సామాన్యునకు అందుబాటు ధరకు వస్తువు చేయవలెనన్న పట్టుదల ఆయన పనులన్నిటను కనబడును.

ఇక మా మనసును మిక్కిలి పట్టుకొన్న సంగతికి వచ్చుచున్నాము. 1945 ప్రాంతమున నాయుడుగారి ధనసహాయముతో కోయంబత్తూరున సాంకేతిక విద్యాలయమొకటి వెలసెను. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోపుగారి పేరు దానికి పెట్టిరి. మూడవ తరగతితో బడి వదలినవాడు ఆ కళాశాలకు ప్రధానాచార్యుడయ్యెను! బడిపై కోపముతో బడి విడిచిన వాడైనచో బడి కట్టించునా? ఆయనకు కావలసినది వేరు విధమగు బడి. పనిముట్లు చేతికిచ్చి నేర్పినయెడల నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు రెండేండ్లలో ముగియునని ఆయన వాదించెను. ప్రభుత్వమువారు అంగీకరింపలేదు. ఆయన పదవి విడిచి వెడలిపోయెను.

ఈ వివాదమున న్యాయమెవరిది? ఉపాధ్యాయులుగా మాకు రెండు వైపులను కొంత కొంత సత్యము తోచుచున్నది. పుస్తకమున బొమ్మ చూచి నాలుగు నెలలు చదివినను తెలియని పిస్టను నడక, విప్పిన ఇంజను ముందు నాలుగు నిమిషములలో తెలియును. అంతవరకు నాయుడుగారు చెప్పినది నిజము. కాని కొన్ని విద్యలకు కాలమే ఎరువు. గణితము అట్టిది. బోల్టు ఎందుకు తెగినదో మణికట్టు చెప్పును. ఎంత బలమునకు తెగునో ముందుగా లెక్కించుటకు కాగితమును ఓర్పును కావలెను. నాయుడుగారివంటి వాడు లక్షమందిలో నొకడు. ఆయన చేసినట్లు ఎవ్వరును చేయవచ్చునని తలచి బడి మానినవారిలో తక్కినవారి చరిత్రములు ఎవ్వరును వ్రాయరు.

ఐనను ఆయన వాదము మా చెవిలో మ్రోగుచునే యున్నది. ఆయనవంటి బాలుడు ఈ తరగతులలో నొకదానియందు కడపటి బల్లపై కూర్చుండి, కిటికీలోనుండి ట్రాక్టరు చప్పుడు వినుచుండునేమో! ఆ చప్పుడు విని ఇంజనులో ఏ లోపమున్నదో వాడు చెప్పగలడు. దానికి మేము మార్కులు వేయజాలము. కావున ఈ పత్రికాముఖమున తల్లిదండ్రులకు ఒక విన్నపము చేయుచున్నాము. మీలో షెడ్డు నడుపువారెవరైన పనికిరాని పాత పంపు ఇంజను నొకదానిని, కొన్ని పాత పానాలను పాఠశాలకు ఇప్పించినచో, విజ్ఞానశాస్త్రపు గంటలో దానిని విప్పి బిగించుట నేర్పించుటకు పూనుకొందుము. మీ షెడ్డులోని మేస్త్రి వారమున కొక గంట వచ్చి మా పిల్లలకు చూపినయెడల ఆయనకు కుర్చీ వేసి కూర్చుండబెట్టి, మేము బల్లపై కూర్చుండి విందుము. ఆడపిల్లలకు ఈ పాఠమెందుకని అడుగవలదు. పొలములో మోటారు ఆగినప్పుడు దిక్కుతోచక నిలుచునది తరచుగా వారే.

కథకు మరల వత్తము. స్వతంత్రము వచ్చిన పిదప నాయుడుగారి దారి సుగమము కాలేదు. 1952లో ఇద్దరు కూర్చుండు పెట్రోలు కారు నొకటి తయారుచేసి 2,000 రూపాయలకు అమ్మగలమనిరి. సామాన్య గృహస్థునకు కారు! ప్రభుత్వము అనుమతి పత్రమీయలేదు. ఆ కారు అంగడికి రాలేదు. పరిశ్రమలపై పన్నుల భారమునకు నిరసనగా తాము చేసిన యంత్రములను కొన్నింటిని బహిరంగ సభలో తామే పగులగొట్టిరని చెప్పుదురు. రాగి సుత్తితో మెల్లగా తట్టవలసిన దానిని ఇనుప సుత్తితో చితుకగొట్టుట చూచిన వారి మనసు ఎట్లుండెనో! ఆయన కోపమునకు కారణమున్నదని ఒప్పుకొనుచునే, ఆ పనిని మేము మెచ్చజాలకున్నాము. పనిముట్టు పట్టినవానికి విప్పుటకు హక్కు కలదు. పగులగొట్టుట వేరు పని.

కడపటి కాలమున వ్యవసాయముపై ఆయన మనసు మరలెను. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో ప్రయోగములు చేసెను. తండ్రి పంపిన పొలమునకే ఇట్లు తిరిగివచ్చెను; చేతిలో ఈసారి ప్రశ్నలున్నవి. సర్ సి. వి. రామన్‌గారంతటి శాస్త్రజ్ఞుడు ఆయనను మిక్కిలి శ్లాఘించెను. 1967లో కోయంబత్తూరున పారిశ్రామిక ప్రదర్శనశాల నేర్పరచిరి. యువకులు వచ్చి యంత్రములను చూచి నేర్చుకొనవలెనని ఆయన కోరిక. 1974 జనవరి 4వ తేదీన, ఎనుబదియేండ్ల ప్రాయమున, పరమపదించిరి. పుత్రుడు గోపాల్‌గారును ఆ వంశమువారును ధర్మసంస్థ మూలమున ఆ పని సాగించిరి. పాతకార్లను భద్రపరచిన జీడీ కార్ల ప్రదర్శనశాల 2015లో తెరువబడెను. విహారయాత్రకు మన పాఠశాలవారు ఎప్పుడైన ఆ వైపు పోవునెడల ఊటీకి పోవుటకు ముందు ఒక పూట అక్కడ ఆగవలెనని మా కోరిక.

కోయంబత్తూరున అవినాశి రోడ్డుపై పీలమేడు దాటిన పిదప హోప్ కాలేజి యను బస్సు స్టాపు కలదు. హోప్సు, హోప్సు అని కండక్టర్లు పిలుతురు. నాయుడుగారు స్థాపించి విడిచిన కళాశాల మొదట నుండిన చోటు అది. కళాశాల 1950లో తడాగం రోడ్డునకు తరలిపోయి, నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలయను పేరున నడచుచున్నది. కళాశాల పోయినను బస్సు స్టాపు పేరు పోలేదు. ఆ రోడ్డు మీదుగానే పది కిలోమీటర్ల పొడవుగల పైవంతెన నొకటి కట్టి, 2025 అక్టోబరులో తెరచి, దానికి జి. డి. నాయుడుగారి పేరు పెట్టిరి. క్రింద గవర్నరుగారి పేరిట స్టాపులో బస్సులు ఆగుచున్నవి. పైన మెకానిక్కు పేరిట వంతెనపై కార్లు ఆగకుండ పోవుచున్నవి.